కాలిపోవాల్సిన బస్సు

మేళ్లచెరువు సున్నపురాయి గనిలో మధ్యాహ్నం ఒంటిగంటకు సైరన్ మోగుతుంది. కూలీలు దూరంగా వెళ్లి తలలు వంచుకుని కూర్చుంటారు. పది నిమిషాల తరువాత రాయి పేలుతుంది. ఆ రోజు కూడా పేలింది. ఆ పేలుడులో ఒక పిస్తోలు చప్పుడు కలిసిపోయింది.

చనిపోయినవాడి పేరు ఐలేశం. రాతికి తొలిచిన రంధ్రాల్లో మందు కూరి పేల్చడం ఇరవై ఆరేళ్లుగా అతని పని. సద్దిడబ్బా మూత తెరిచే ఉంది. జొన్నరొట్టె సగం తిన్నాడు. మిగిలిన సగాన్ని చీమలు అప్పుడే కనిపెట్టాయి.

ఏదో చెప్పాలని ఐలేశం కబురు పంపితే సుమన ఒంటిగంటా ఇరవైకి అక్కడికి చేరుకుంది. "నాపరాళ్లు దొరుకుతయా, అన్నా?" అని ఆమె అడగాలి. "ముగ్గురాయే ఉన్నది, చెల్లె" అని అతను జవాబివ్వాలి. అదీ కోడ్. అడగవలసిన అవసరం లేకుండా పోయింది.

ఆమె వయసు నలభై నాలుగు. పుట్టింది రామన్నపేటలో. కేంద్ర గూఢచారి శాఖలో పంతొమ్మిదేళ్ల సర్వీసు. శవాల ముందు ఏడిచే అలవాటు సర్వీసులో పదకొండో ఏట పోయింది. ఆమె ముందుగా అతని కుడిచేతిని చూసింది. వేళ్ల కొనలు తెల్లగా ఉన్నాయి. అతని వీపు వెనుక బండ మీద తడి సున్నంతో నాలుగు అంకెలు రాసి ఉన్నాయి: 4417.

మందు పెట్టేవాళ్లు రంధ్రాల నంబర్లను బండ మీద సున్నంతోనే రాసుకుంటారు. చంపినవాడు వాటిని చూసి ఉంటాడు, గని లెక్క అనుకుని వెళ్లిపోయి ఉంటాడు. కాని ఆ గనిలో ఒక పూటకు తొలిచే రంధ్రాలు అరవై దాటవు. ఎదురుగా వస్తున్న చావును చూసి కూడా ఐలేశం తీరిగ్గానే రాశాడు. అంకెలు గుండ్రంగా, ముచ్చటగా ఉన్నాయి.

*

నల్లగొండలో చేపపిల్లల పంపిణీ విచారణ కార్యాలయం అని ఒక బోర్డు ఉంది. ఆ గుమ్మంలోకి చేపల కోసం ఎవరూ ఎన్నడూ రాలేదు. లోపల దక్షిణ విభాగం చీఫ్ కమలాకర్ కూర్చుంటాడు.

"ఐలేశం అమ్మింది ఇరవై రెండు కిలోల మందు," అన్నాడు కమలాకర్. "కొన్నది వర్క్‌షాప్."

వర్క్‌షాప్ అంటే పరదేశీ ముఠా. దానికి జెండా లేదు, సిద్ధాంతం లేదు. అడిగినవాళ్లకు విప్లవాలు తయారుచేసి అమ్ముతుంది. మూడు దేశాల్లో మూడు ప్రభుత్వాలను పడగొట్టింది. దాని పెద్ద డాక్టర్ ఓర్లిక్, ఒకప్పుడు రాజనీతిశాస్త్రం బోధించినవాడు. ఇప్పుడు జడ్చర్లలో, జంక్షన్ ఎదుటి రెండంతస్తుల లాడ్జిలో, డాక్యుమెంటరీ నిర్మాతనని చెప్పుకుని దిగి ఉన్నాడు.

"4417?" అడిగింది సుమన.

"బస్సు నంబర్. దశరథం అనే కాంట్రాక్టర్‌ది. మందుల కంపెనీకి కూలీలను తీసుకుపోతుంది. ఎల్లుండి గురువారం జడ్చర్లలో బంద్. కంపెనీ నీళ్లతో బోర్లు పాడయ్యాయని."

"అయ్యాయి కదా."

"అయ్యాయి. పదకొండు అర్జీలు పెట్టారు. పన్నెండోసారి కలెక్టరేట్ కిటికీ అద్దం పగలగొట్టారు. ఆ సాయంత్రమే ఆఫీసరు కారు దిగి ఊరికి వచ్చాడు." కమలాకర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "ఈ పాఠం ఓర్లిక్ చెప్పింది కాదు. మనమే చెప్పాం. అతను ఫీజు వసూలు చేసుకుంటున్నాడు, అంతే."

ప్లాన్ సూటిగా ఉంది. బంద్ చేసేవాళ్లు 4417ను ఆపి తగలబెడతారు. గుంపు దగ్గరగా చేరగానే ఓర్లిక్ ఫోన్ నొక్కుతాడు. ఐలేశం చేత సీటు కింద ముందే పెట్టించిన మందు పేలుతుంది. కనీసం నలభై శవాలు. పోలీసులే బాంబు పెట్టారని చెప్పే నలభై మూడు వీడియోలు ముందుగానే తయారై ఉన్నాయి. వారం రోజుల్లో రాష్ట్రం తగలబడాలి.

"ఈరోజే ఆ బస్సును పట్టుకుందాం, సార్."

"పట్టుకుంటే మందు దొరుకుతుంది. ఓర్లిక్ దొరకడు. వేలు బటన్ మీద ఉండగా నాకు కావాలి. గురువారం పొద్దున మన మనిషి మెకానిక్ వేషంలో వెళ్లి బస్సు వెతుకుతాడు, మందు తీసేస్తాడు. ఓర్లిక్ నొక్కుతాడు. ఏమీ పేలదు. అప్పుడు పట్టుకో."

"వర్షిత?"

కమలాకర్ మొదటిసారి నవ్వాడు. వర్షిత అతని గర్వం. ఓర్లిక్ పక్కన కెమెరా పట్టుకుని తిరిగే అందగత్తె. నల్లకళ్లద్దాలు, పోచంపల్లి పట్టు, నాలుగు భాషలు. మూడేళ్ల కింద ఆమెను డబుల్ ఏజెంట్‌గా మార్చింది తానేనని అతని నమ్మకం.

"ఆమె మనది. ఇది తీసుకో." బల్ల మీద ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టాడు. "అడుగున జామర్. హ్యాండిల్ తిప్పితే ముప్పై మీటర్లలో ఏ ఫోనూ పనిచేయదు. తొంభై సెకన్లు. తరువాత అదే కాలిపోతుంది. ఒకటే ఉంది. పోగొడితే జవాబు రాయాల్సి వస్తుంది."

*

సుమన నాలుగు నెలలుగా జడ్చర్లలో ఉప్పలమ్మ. ఆ లాడ్జిలో గదులు తుడిచే మనిషి. చీపురు పట్టుకున్న ఆడదాని ముఖం ఈ దేశంలో ఎవరూ చూడరు. ఆమె వేసుకున్న వేషాలన్నిటిలో అతి తక్కువ శ్రమతో కుదిరినది ఇదే. అది తలచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది.

కిరాయికి ఉన్నది అండాలు ఇంట్లో. అండాలుకు యాభై మూడేళ్లు. మందుల కంపెనీలో సీసాలు కడుగుతుంది. భర్త లేడు, పిల్లలు లేరు, నోరు ఉంది. మొదటి నెలలో సుమనకు జ్వరం వస్తే పని మానుకుని దవాఖానకు తీసుకుపోయిందీ, మూడు రోజులు గంజి కాచి పోసిందీ ఆమే. తన పేరు అబద్ధమని తెలియని మనిషి చేతి గంజి సుమనకు ఇంకా గొంతులోనే ఉంది.

బుధవారం సాయంత్రం అండాలు గడప మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది.

"రేపు పనికి పోకక్కా," అంది సుమన. "కడుపునొస్తాందని చెప్పు."

"ఏ, పోకుంటె ఆబ్సెంటు పడ్తది. మా సూపర్వైజర్ సంగతి ఎరుక లేదు నీకు. సచ్చినమన్నా సర్టిఫికెట్ తెమ్మంటడు."

"బంద్ గద. బస్సు కాలబెడ్తరంట."

"కాలబెట్టనీ. బంద్ నాడు బస్సు సుట్టు తిరిగి ఆలిస్యమైతది, అందుకే మా మరిది కొడుకు బండి మీద పోదామనుకుంటున్న."

సుమన ఒక్క క్షణంలో లెక్కవేసింది. బండి అంటే జంక్షన్ మీదుగా పోవాలి. ఇరవై రెండు కిలోలు ఒకవేళ పేలితే జంక్షన్‌లో బండి అనేది మిగలదు. "బండి వద్దక్కా. మీ ఆడోళ్లందరు ఎట్ల పోతరు?"

"కంపెనీ బస్సులనే. బంద్ నాడు మా సేటు మమ్ముల జంక్షన్ దిక్కు తోల్కపోడు. అడ్డదారిల పోతది. గా దశరథం సేటు బంద్ నాడు ఏం జేస్తడో ఎరుకనా చెల్లె నీకు? ఇంటే నవ్వుతవు—"

జంక్షన్‌కు వచ్చేది 4417, అడ్డదారిలో పోయేది వేరే బస్సు అనుకుంది సుమన. ఆమె చెవిలో ఇయర్‌పీస్ టిక్కుమంది. కమలాకర్. ఆమె చెయ్యి పైకెత్తింది. "జర ఆగక్కా, తల తిరుగుతాంది, పండుకుంట. నువ్వు బస్సులనే పో. నా మీద ఒట్టు, బండెక్కకు."

"సరేతియ్, ఒట్టెందుకు పెట్టుకుంటవు? బస్సులనే పోత."

అండాలు ఏదో చెప్పబోయింది. సుమన వినలేదు. ఆమెకు శిక్షణ ఇచ్చినవాళ్లు గోడల అవతలి గుసగుసలు వినడం నేర్పారు. గడప మీద కూర్చున్న మనిషి మాట వినడం నేర్పలేదు.

*

గురువారం పొద్దున ఆరున్నరకు కమలాకర్ గొంతు ఇయర్‌పీస్‌లో వినిపించింది. "షెడ్డులో 4417ను మన మనిషి పూర్తిగా వెతికాడు. మందు లేదు. రాత్రే తీసేశానని వర్షిత కబురు పంపింది. అంతా క్లియర్. ఓర్లిక్‌ను నొక్కనివ్వు."

తొమ్మిదిన్నరకు ఓర్లిక్ లాడ్జి డాబా మీద నిలబడ్డాడు. అరవై ఏళ్ల పొడుగాటి మనిషి, నున్నటి గొంతు. పిట్టగోడ దగ్గర ట్రైపాడ్ మీద కెమెరా. దాని వెనుక వర్షిత. వాళ్లకు ఐదడుగుల దూరంలో ఉప్పలమ్మ నేల తుడుస్తోంది. పక్కన బకెట్, కక్కసు కడిగే యాసిడ్ సీసా.

"ఆకలి విప్లవం తేదు," అన్నాడు ఓర్లిక్ ఇంగ్లీషులో, పాఠం చెబుతున్నట్టు. "ఆకలిగొన్నవాడు దండం పెడతాడు. మొదటి అద్దం పగలగొట్టినవాడు మాత్రం మరునాడు దండం పెట్టలేడు. ఇంటికి వెళ్లే దారి అతను తానే మూసుకున్నాడు. ముందు ఆస్తి, తరువాత రక్తం, తరువాత రాజ్యం. ఈ వరస ఎక్కడా తప్పలేదు."

"ఈ నలభై మంది?" అడిగింది వర్షిత, లెన్సు తిప్పుతూ.

"పెట్టుబడి."

సుమన నేల తుడుస్తూనే ఉంది. గుడ్డ పిండినప్పుడు ఆమె పిడికిలి కొంచెం ఎక్కువ బిగిసింది, అంతే.

కింద జంక్షన్‌లో మూడు వందల మంది ఉన్నారు. ముందు గిరి అనే బంద్ నాయకుడు, మెడలో కండువా. మహబూబ్‌నగర్ దారి నుంచి బస్సు వచ్చింది. ప్లేటు మీద 4417. గుంపు కేకలు వేసింది. బస్సు ఆగింది.

డ్రైవర్ దిగాడు.

పారిపోలేదు. తాపీగా దిగాడు. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, చంకలో డాష్‌బోర్డు మీది దేవుడి పటం, పూలదండతో సహా. గిరి చేతిలో తాళంచెవి పెట్టి, "జర డీజిల్ ట్యాంకు దిక్కు పోకున్రి, మీకే తాకుతది," అని చెప్పి, ఎదుటి హోటల్లో చాయ్‌కి కూర్చున్నాడు.

మొదటి రాయి అద్దాన్ని పగలగొట్టింది. పగిలిన అద్దంలోంచి లోపలిభాగం కనిపించింది. సీట్లు లేవు. ఒక్కటి కూడా లేదు. టైర్లు బోడిగా ఉన్నాయి.

దశరథం సేటు బంద్ నాడు ఏం చేస్తాడో సుమనకు అప్పుడు అర్థమైంది. అండాలు చెప్పబోయిన నవ్వులాట ఇదే. మూలకు పడిన ముసలి బస్సుకు మంచి బస్సు ప్లేటు బిగిస్తాడు. దాన్ని గుంపుకు అప్పగిస్తాడు. మంచి బస్సుకు ముసలిదాని ప్లేటు తగిలించి, కూలీలను అడ్డదారిలో పంపిస్తాడు. గిరికి తెలుసు. డ్రైవర్‌కు తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలియనిది గూఢచారి శాఖకు, వర్క్‌షాప్‌కు మాత్రమే. ఐలేశం మందు పెట్టింది ప్లేటు మారకముందు, మంచి బస్సులో. మెకానిక్ వెతికింది ప్లేటు మారిన తరువాత, ముసలి బస్సులో; సీట్లు విప్పి మందు తీసింది వర్షితే అనుకుని ఉంటాడు.

మందు ఉన్న బస్సు ఇప్పుడు అడ్డదారిలో ఉంది. దాంట్లో ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్లు ఉన్నారు. ఒకతె బండి మీద పోతానంటే, ఒట్టు పెట్టి మరీ బస్సెక్కించింది తానే.

"సార్," అంది గొంతులోనే. "ప్లేట్లు మార్చారు. మందు కూలీల బస్సులో ఉంది."

"ఆధారం?"

"డ్రైవర్ టిఫిన్ డబ్బా తీసుకుని దిగాడు."

"అది ఆధారం కాదు. వర్షిత తీసేసింది. నొక్కనివ్వు. ఇది ఆర్డర్."

బస్సు అంటుకుంది. గుంపు దగ్గరికి జరిగింది. ఓర్లిక్ ఫోన్ బయటకు తీశాడు.

ఫోన్ చేసి అండాలును దిగమని చెప్పవచ్చు. కాని జామర్ తిప్పితే తన ఫోనూ చచ్చిపోతుంది. రెండూ చేయలేదు. సుమన బకెట్ హ్యాండిల్ తిప్పింది. చెవిలో కమలాకర్ గొంతు తెగిపోయింది. తొంభై.

రెండో చేత్తో యాసిడ్ సీసా ఓర్లిక్ మణికట్టు మీద కుమ్మరించింది. నున్నటి గొంతులోంచి ఒక పశువు అరుపు వచ్చింది. ఫోన్ కింద పడింది. అతను మోకాళ్ల మీద కూలబడి, తన చేతిని తనది కానట్టు చూసుకోసాగాడు. సుమనకు జాలి కలగలేదు. కలుగుతుందేమోనని వెతికింది కూడా. లేదు.

ఫోన్ మీద ఒక కాలు పడింది. అందమైన కాలు. వర్షిత చేతిలో పిస్తోలు ఉంది.

"కదలకండి, సుమన గారూ." ఆమె వంగి ఫోన్ తీసుకుంది. "ఇది తొంభై సెకన్లే కదా? కమలాకర్ గారు నాకూ చూపించారు. నేను ఆగుతాను."

అరవై ఎనిమిది.

"నీకు ముందే తెలుసు," అంది సుమన.

"దశరథం నా కెమెరా ముందే చెప్పాడు, పాపం, నవ్వుకుంటూ. ఈయనకు చెప్పలేదు." ఓర్లిక్ వైపు గడ్డంతో చూపించింది. "ఈయనవి పాత పద్ధతులు. బస్సులు కాల్చేవాళ్లు చస్తే రెండు రోజుల వార్త. డ్యూటీకి పోతున్న ఆడవాళ్లు చస్తే? ముప్పై ఎనిమిది మంది, పద్నాలుగు ఊళ్లు. పద్నాలుగు ఊళ్లలో ఒకే పూట పాడెలు లేస్తే ఏ ప్రభుత్వం నిలబడుతుంది, మీరే చెప్పండి. వర్క్‌షాప్ ఈయనదనుకున్నారా?"

నలభై ఒకటి.

"ఇంత చదువు చదివి," అంది సుమన, "ఇదా నేర్చుకున్నది?"

"అర్జీలు రాయడం నేర్చుకోలేదు, అంతే."

ముప్పై మూడు. సుమన ఒక అడుగు వేసింది. పిస్తోలు పేలింది. గుండు ఎడమ భుజంలోంచి దూసుకుపోయింది. ఆమె పిట్టగోడ మీదికి తూలింది. కింద మంట, మూడు వందల ముఖాలు. వాటిలో సగం ముఖాలకు రుమాళ్లు కట్టి ఉన్నాయి.

రుమాళ్లు ఎందుకు కట్టుకుంటారు? కేసులకు భయపడి. రాజ్యం పోయినా పరవాలేదుగాని, వీడియోలో ముఖం పడితే పాస్‌పోర్టు రాదు, కానిస్టేబుల్ ఉద్యోగం రాదు. ఓర్లిక్ పాఠంలో ఈ అధ్యాయం లేదు. ఇంటికి వెళ్లే దారి వాళ్లు మూసుకోలేదు. ఆ దారి మిగలాలనే ముఖానికి రుమాలు కట్టుకున్నారు.

సుమన రక్తం కారుతున్న చేత్తోనే ట్రైపాడ్‌ను పిట్టగోడ పైకి ఈడ్చింది. నాలుగు నెలలుగా నేర్చుకున్న గొంతుతో కాదు, రామన్నపేటలో పుట్టిన గొంతుతో అరిచింది.

"ఓరి గిరీ! గీడ వీడియో తీస్తున్రు! అందరి మొకాలు పడ్డయ్! పోలీసోళ్లకిస్తరంట!"

గుంపు తలెత్తింది. డాబా మీద కెమెరా, కెమెరా పక్కన నల్లకళ్లద్దాల ఆడది.

ఇరవై.

"ఎవతివే నువ్వు?" ఎవడో కింద నుంచి అరిచాడు. "కొట్టున్రి! కెమెరా పలగ్గొట్టున్రి!"

సుమన పిట్టగోడ నీడలో నేలకు కరుచుకుంది. రాళ్లు లేచాయి. మొదటిది కెమెరాకు తగిలింది. రెండోది గోడకు. వర్షిత వెనక్కి తగ్గలేదు. ఆమె కళ్లు ఫోన్ మీద, సిగ్నల్ గీతల మీద ఉన్నాయి. తొమ్మిది. ఎనిమిది. ఇటుకముక్క ఒకటి గాలిలో తిరుగుతూ వచ్చి నల్లకళ్లద్దాన్ని పగలగొట్టింది. ఆమె చేతులు ముఖానికి వెళ్లాయి. ఫోన్ పిట్టగోడ అంచుకు తగిలి, అవతలికి పడి, మండుతున్న బస్సు పైకప్పు మీద ఒకసారి ఎగిరి, కిటికీలోంచి లోపలికి జారింది.

బకెట్‌లోంచి సన్నగా పొగ వచ్చింది. జామర్ కాలిపోయింది. ఎవరూ నొక్కలేదు. నొక్కడానికి ఏమీ మిగలలేదు.

వర్షిత నేల మీద పడి ఉంది. రాళ్లు ఇంకా కురుస్తూనే ఉన్నాయి. ఆమెను మెట్ల కిందికి లాగడానికి రెండడుగులు చాలు. సుమన రెండు అడుగులనూ కొలిచింది. పద్నాలుగు పాడెలను తలచుకుంది. ఓర్లిక్‌ను మాత్రం కాలర్ పట్టి లాక్కుపోయింది. చీఫ్ కోరింది అతన్నే కదా.

*

తరువాతి సంగతులు ఫైళ్లలో ఉన్నాయి. ఓర్లిక్‌ను అతని రాయబార కార్యాలయం చేతికి కట్టుతో సహా తీసుకుపోయింది. ఐలేశం మృతి గని ప్రమాదం. వర్షిత మృతి ప్రజాస్వామ్యానికి తీరని లోటు. నగరంలో ఆమె ఫోటో ముందు కొవ్వొత్తులు వెలిగించారు, మూడు వందల మంది, దాదాపు రాళ్లు వేసినంత మందే. గిరి మీద ఆరు సెక్షన్లు. బోర్ల నీళ్ల మీద ఒక కమిటీ. జామర్ ఎందుకు కాలిపోయిందో వారంలోగా రాతపూర్వకంగా తెలపాలని సుమనకు మెమో.

కూలీల బస్సును అడ్డదారిలో ఆపి, అందరినీ దింపి, మూడో వరస సీటు కింద ఇరవై రెండు కిలోల మందు తీశారు. ఎందుకు ఆపారో ఎవరికీ చెప్పలేదు. మూడు గంటలు ఎండలో నిలబెట్టారు. ఆ మూడు గంటలకు కంపెనీ ముప్పై ఎనిమిది మందికీ ఆబ్సెంటు వేసింది.

శనివారం సుమన భుజానికి కట్టు కట్టుకుని సామాను సర్దుకోవడానికి వెళ్లింది. అండాలు కట్టును చూసి నాలుక చప్పరించింది.

"లాడ్జిల జారి పడ్డవంట గద. గంజి కాస్త, కూసో."

"అక్కా," అంది సుమన. "మొన్న ఏందో చెప్పబోయినవు. దశరథం సేటు సంగతి. చెప్పు, ఇంటా."

"ఇప్పుడడుగుతున్నవా?" అండాలు నవ్వింది. "గదంతా అయిపాయె. మంచి బస్సు కాలిపోయిందని సేటు ఇన్సూరెన్సు పైసలకు కాయితం పెట్టిండు. సర్కారోళ్లు నిజమే, కాలిందని ముద్ర గొట్టిన్రు."

సోమవారం పొద్దున తొమ్మిదింటికి, సర్కారు ముద్రతో కాలి బూడిదైన 4417, ముసలిదాని ప్లేటుతో, ఎప్పటిలాగే వచ్చి అండాలు వీధి చివర ఆగింది. మూడో వరసలో కిటికీ పక్క సీటు ఖాళీగా ఉండడం చూసి ఆమె ఎంతో సంబరపడింది.